ఇబ్న్ బతూతా దేశాటనము

ఆఫ్రికా ఖండమునకు వాయవ్య దిక్కున, మధ్యధరా సముద్రము అట్లాంటిక్ మహాసముద్రముతో కలియు చోట, టాంజియర్ అను రేవుపట్టణము కలదు. అది మొరాకో దేశములోనిది. 1304వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఆ పట్టణమందు ఇబ్న్ బతూతా జన్మించెను. ఆ వంశమువారు న్యాయశాస్త్రము చదివి ఖాజీ పదవులను నిర్వహించినవారు. అతడును ఆ విద్యయే అభ్యసించెను. ఊరిలోనే ఒక పదవి సంపాదించుకొని సుఖముగా కాలము గడపుటకు అతనికి అవకాశము లేకపోలేదు. కాని అతని మనస్సు దూరదేశముల వైపు లాగుచుండెను.

1325 జూన్ 14వ తేదీన, తన ఇరువదియొకటవ యేట, అతడు మక్కా యాత్రకై ఒంటరిగా బయలుదేరెను. తల్లిదండ్రులిద్దఱును అప్పటికి జీవించియుండిరి. వారిని విడిచిపోవుట అతనికెంత కష్టమో, అతనిని సాగనంపుట వారికంత కష్టమయ్యెను. దీనికి రెండేండ్ల ముందు, 1323లో, మన ఓరుగల్లు కోట ఢిల్లీ సేనలకు వశమై కాకతీయ రాజ్యము అంతరించెను. ఆ సేనలను నడిపిన రాజకుమారుని కొలువులోనే తానొకనాడు ఉద్యోగము చేయగలనని ఈ యువకుడు కలలోనైన ఎఱుగడు.

తొలి దినములు మిక్కిలి దుర్భరములు. మార్గమధ్యమున తీవ్రమైన జ్వరము తగిలెను. పడిపోకుండుటకై తలపాగ గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకొని ప్రయాణము సాగించెను. ట్యూనిస్ నగరము చేరినప్పుడు తోడివారినందఱను బంధుమిత్రులు ఎదురేగి పలుకరించిరి. అతనిని పలుకరించువారు లేకపోయిరి. ఆ పరదేశి యువకుడు కన్నీరు ఆపుకొనలేకపోయెను. అది చూచి ఒక యాత్రికుడు దగ్గఱకు వచ్చి ఓదార్చెను. ఆ ఆదరణమును అతడు ముప్పదియేండ్లకైనను మఱచిపోలేదు.

1326లో అతడు ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా చేరెను. ప్రాచీన ప్రపంచపు వింతలలో ఒకటిగా పేరుగాంచిన దీపస్తంభము అచ్చటనే యుండెను. భూకంపముల తాకిడికి దాని యొక ప్రక్క అప్పటికే శిథిలమైయుండెను. అతడు లోనికి పోయి, గోడల మందమును, గదుల యమరికను శ్రద్ధతో పరిశీలించెను. ఆ పట్టణముననే ఒక సాధుపురుషుడు అతనిని చూచి, అతడు హిందూదేశమును, చైనాను దర్శింపగలడని చెప్పెను. అటుపిమ్మట ఒక రాత్రి, మహాపక్షి యొకటి తన్ను రెక్కపై నెక్కించుకొని తూర్పుదేశములకు కొనిపోయినట్లు అతడు కలగనెను. మక్కాతో ముగియవలసిన యాత్ర ముగియలేదు. సాధ్యమైనంతవఱకు నడచిన దారిని మరల నడవరాదని అతడు నియమము పెట్టుకొనెను.

నాడు మూఢభక్తియని కొందఱు, మహిమయని కొందఱు తలచిన వింత నాట్యమును అతడు ఇరాక్ దేశమున వాసిత్ నగర సమీపమున చూచెను. సాయంకాలపు ప్రార్థన కాగానే తప్పెటలు మ్రోగెను. ఫకీరులు నృత్యము చేయసాగిరి. రాత్రి కట్టెలు ప్రోగుచేసి నిప్పంటించి, ఆ మంటలోనికి దిగి ఆడిరి. కొందఱు నిప్పులపై దొర్లిరి.

నేటి టర్కీ దేశమున అతనికి మఱియొక అనుభవము కలిగెను. ఒక పట్టణమున అంగళ్లనుండి కొందఱు పరుగెత్తివచ్చి అతని గుఱ్ఱపు కళ్లెము పట్టుకొనిరి. మఱికొందఱు వచ్చి వారిని అడ్డగించి కత్తులు దూసిరి. వారు దారిదోపిడి కాండ్రని అతడు భయపడెను. అతనికి వారి భాష రాదు. అరబ్బీ తెలిసిన యొకడు వచ్చి సంగతి చెప్పగా భయము తీరెను. పరదేశికి తామే ముందు ఆతిథ్యమీయవలెనని రెండు సంఘములవారు తగవులాడుచుండిరి. తుదకు చీట్లు వేసి వంతు తేల్చుకొనిరి. ఈ సంఘములవారు చేతిపనులవారు. పగలు పనిచేసి సంపాదించిన సొమ్మును సాయంకాలము ఒకచోట చేర్చి, బాటసారులకు భోజనము పెట్టి, పిదప పాటలతోను నృత్యములతోను వారిని అలరించెడివారు.

కాన్‌స్టాంటినోపుల్ నగరమున హేగియా సోఫియా అను మహామందిరమును చూచుటకు అతడు ఉవ్విళ్లూరెను. లోనికి పోవువారు సిలువకు మ్రొక్కవలెనను నియమముండెను. తన మతధర్మమునకు అది విరుద్ధమని అతడు వెలుపలనే నిలిచిపోయెను. తరువాత తన గ్రంథమున వెలుపల చూచినదానినే వర్ణించి, లోపలి భాగమును చూడలేదని దాపరికము లేక తెలిపెను.

1333లో అతడు సింధునదిని చేరి, అటనుండి ఢిల్లీకి వచ్చెను. సుల్తాను మహమ్మదు బిన్ తుగ్లకు అతనిని ఖాజీగా నియమించెను. ఓరుగల్లును జయించిన రాజకుమారుడు ఇతడే. కుతుబ్ మీనారు ఔన్నత్యమునకు అతడు ముగ్ధుడయ్యెను. దాని చెంతనున్న ఇనుప స్తంభము ఏడు లోహముల మిశ్రమమని అచ్చటివారు చెప్పగా అట్లే వ్రాసెను. అది దాదాపు శుద్ధమైన ఇనుమేయని నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. 1342లో రాయబారిగా చైనాకు పంపబడి, దక్షిణాపథమున దౌలతాబాదు మీదుగా పోవుచు, అచ్చట గాయకులకొఱకు ప్రత్యేకముగా ఏర్పడిన విపణివీథిని చూచెను. దాని నడుమ గుమ్మటముగల మండపముండెను. గురువారము సాయంకాలము గాయకుల పెద్ద అచ్చట కొలువుతీరగా, నర్తకీమణులు ప్రొద్దుక్రుంకువఱకు ఆడిపాడుచుండిరి.

కాని కాలము ఎల్లప్పుడును అనుకూలింపలేదు. కళ్లికోట రేవున తుపాను రేగి ఓడలు మునిగిపోయెను. సుల్తాను పంపిన కానుకలు సముద్రము పాలయ్యెను. అతడు మాల్దీవులకు పోయి అచ్చట ఖాజీయయ్యెను. నెలకొకసారి దీపములు నిండిన ఓడవలె కడలినుండి వచ్చి కన్యను బలిగొను భూతమును ఒక పరదేశి భక్తుడు రాత్రియంతయు పారాయణము చేసి పాఱద్రోలిన కథను, ఆ ద్వీపవాసుల నోట విని భద్రపఱచెను. అచ్చటనే ఒక పొరపాటును చేసెను. తన దేశపు కట్టుబొట్టులను ఆ స్త్రీలచే బలవంతముగా పాటింపజేయబూని విఫలుడయ్యెను. ఆ వైఫల్యమునుగూడ అతడు దాచలేదు.

సింహళమును, చైనాను చూచి మరలివచ్చుచుండగా, 1348లో డమాస్కస్ నగరమున పిడుగువంటి వార్త వినవలసివచ్చెను. తండ్రి మరణించి అప్పటికి పదునైదేండ్లయ్యెను. ఆ యేడు మహామారి దేశదేశములను నాశనము చేయుచుండెను. దారిలో అలెగ్జాండ్రియా దీపస్తంభమును మరల చూడబోగా, అది లోనికి పోవుటకైన వీలులేనంతగా కూలిపోయియుండెను. 1349లో స్వదేశము సమీపించునప్పటికి తల్లియు ఆ మహామారి వాతబడి కన్నుమూసెనని తెలిసెను. ఇరువదినాలుగేండ్లు తిరిగినవానికి ఇంట ఎదురుచూచువారు లేరు. దేశాటనమునకు అతడు చెల్లించిన మూల్యమిది.

1352లో అతడు సహారా ఎడారిని దాటి మాలి రాజ్యమునకు పోయెను. రాజు పంపిన కానుక వచ్చినదనగా పట్టువస్త్రములనుకొని లేచెను. మూడు రొట్టెలు, కొంత మాంసము, ఒక బుఱ్ఱలో పెరుగు కనబడగా ఎగతాళిగా నవ్వెను. పండుగనాడు కవిగాయకులు ఈకలతో చేసిన పక్షివేషములు ధరించి, కొయ్యతలలకు ఎఱ్ఱని ముక్కులు అమర్చుకొని రాజు నెదుట నిలిచిరి. పూర్వరాజులు ఈ సింహాసనముపై కూర్చుండి చేసిన మంచిపనులను కీర్తించి, చిరకాలము చెప్పుకొనదగిన పనులు చేయుమని వారు రాజునకు బోధించిరి. ఆ వేషము అతనికి హాస్యాస్పదముగా తోచెను. అయినను ఒక్క యీకయైన విడువక వర్ణించెను. ఆ దేశమున బాటసారికి దొంగల భయము లేదని, న్యాయము చక్కగా జరుగునని మెచ్చుకొనెను.

మొరాకో సుల్తాను ఆజ్ఞపై అతడు తన యనుభవములను చెప్పగా, ఇబ్న్ జుజయ్ అను పండితుడు వ్రాసెను. 1355లో గ్రంథము పూర్తియయ్యెను. కొన్ని నగరముల వర్ణనలు పూర్వయాత్రికుడు ఇబ్న్ జుబైర్ గ్రంథమునుండి గ్రహింపబడినవని పరిశోధకులు గుర్తించిరి. ఆ లోపమున్నను, నాటి ప్రజల ఆటపాటలను, కట్టడములను, కథలను ఇంత విరివిగా తెలుపు గ్రంథములు అరుదు. ఐదు శతాబ్దముల పిమ్మట, 1853–1858 సంవత్సరముల నడుమ అది ఫ్రెంచి భాషలోనికి పరివర్తనము చేయబడి లోకమునకు వెల్లడియయ్యెను.

తనకు నచ్చినదానిని వర్ణించుట ఎవరికైనను సులభము. నచ్చనిదానిని, తన తప్పును సైతము ఉన్నదున్నట్లు చెప్పుటయే సాక్షికి లక్షణము. మాలి రాజసభలో గతించినవారి కథలను నిలిపిన పక్షివేషధారులను చూచి ఇబ్న్ బతూతా నవ్వెను. కాని కూలిపోయిన దీపస్తంభమునకు, ఆరిపోయిన మంటలలోని నృత్యమునకు తన మాటలలో చోటిచ్చి, ఆ గాయకులు చేసిన పనినే తానును చేసెను.