దామెర్ల రామారావు: చిత్తు పుస్తకములు

దామెర్ల రామారావు పేరు వినగనే వర్ణచిత్రములు స్ఫురించుట మనకు పరిపాటి. ఆయన పెన్సిలు రేఖలను గూర్చిన చర్చ తక్కువ. ఆ చిత్రకారుని అర్థము చేసికొనుటకు ఆ రేఖలే దారియని మా తలంపు.

ఆయన 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బస్తరు అడవులనుండి వచ్చు ఇంద్రావతిని, శబరిని తనలో కలుపుకొని, పాపికొండలు దాటి వచ్చిన గోదావరి ఆ యూరి ముంగిట విశాలమై పారును. అచ్చటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే తానును చిత్రకారుడే. అడివి బాపిరాజు వంటి శిష్యులను తీర్చినదియు ఆయనయే. కూల్డ్రే ప్రోద్బలమున రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరెను.

బొంబాయి శిక్షణము రూపసాదృశ్యమునకు ప్రాధాన్య మొసగినది. అయితే తరగతిలో నిలిపిన మనుష్యుడు కదలడు. ఆలమంద యెవరి యాజ్ఞకును నిలువదు. ఎద్దు మెడ త్రిప్పినంతనే మూపురము మొదలు తోకవఱకు గల రేఖయెల్ల మారిపోవును. కడవ నెత్తుకొనిన పడుచు నడకయు నంతే. చూచినది చూచినట్లు రెండు మూడు గీతలలో పట్టవలెను. తప్పినచో మరల దొరకదు. పల్లెను చిత్రింపబూనినవానికి చిత్తు పుస్తకము తప్పనిసరియగుట యిందువలననే. (తైలవర్ణములు ముందిడుకొని కూర్చున్నవానికి మంద యెంతసేపు వేచియుండును?) చదువు ముగిసిన పిమ్మట రామారావు కాఠియావాడ ప్రాంతమున సంచరించెను. అచ్చటి పాలపడుచులు ఆయన ప్రసిద్ధ చిత్రములలో నొకదానికి వస్తువైరి.

ఆయనను వంగ చిత్రకారుల శాఖలో చేర్చి తృప్తిపడువారు కలరు. అది సగమే నిజము. వారి మార్గము ఆయన యెరుగును, ఆదరించెను. కాని ఆయన గీత కంటితో చూచిన మేనిబరువును విడువలేదు.

స్వస్థలమునకు మరలి చిత్రకళాశాల నెలకొల్పి శిష్యులకు నేర్పుచుండగనే మశూచి సోకి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన కాలధర్మము నొందెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను నెల మిగిలియున్నది. చిత్రకారిణియైన భార్య సత్యవాణియు, మిత్రుడు వరదా వెంకటరత్నమును ఆయన కృతులను కాపాడిరి. రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో, పూర్తియైన చిత్రములతోపాటు ఆ చిత్తు పుస్తకములును భద్రపరుపబడినవి.