బందరు వైద్యుడు, లక్ష రూపాయల మూలధనము

మోపిదేవి మొదలుకొని గుడివాడ వరకు కృష్ణకాలువల క్రింద వరి పండించు సీమలో ధనము లేకపోలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప ఈ డెల్టా సిరులు పండినది. కాని యా సిరి కొంత నగలలోను, కొంత మరల భూమిలోను, మిగిలినది ప్రామిసరీనోట్లమీద వడ్డీలోను చేరుచుండెను. నాట్లవేళ రొక్కము లేని రైతు షావుకారు గడప త్రొక్కవలసినదే. కోతలైన పిమ్మట చేతికందిన రొక్కమునకు నమ్మకమైన తావు లేదు. ఈ రెంటికిని నడుమ వంతెన కట్టుటకు పూనుకొన్నవారు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు.

ఆయన 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలనులో జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వైద్యపట్టము పొంది, 1906లో బందరున వైద్యవృత్తి నారంభించిరి. అది పదేండ్లు నడచినది. ఆ నడుమనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో గూడి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. 1915లో కృష్ణా సహకార కేంద్రబ్యాంకు నెలకొల్పిరి. ఆంధ్రోద్యమములో పాలుగొనిరి. రోగి యిల్లు, కళాశాల చందా, సహకార సంఘము, మహాసభ: ఇన్ని త్రోవల ఏర్పడిన పరిచయములే ఆయన తొలి మూలధన మని మా యభిప్రాయము.

అప్పటి కాలము బ్యాంకులకు మంచిది కాదు. 1906లో మదరాసున ఆర్బత్నాటు కంపెనీ దివాలా తీయగా ఎందరో తమ కూడబెట్టుకొన్న సొమ్మును గోల్పోయిరి. 1913 తరువాత స్వదేశీ బ్యాంకులును పెక్కులు కూలినవి. పైగా వాటా యనునది అప్పు వంటిది కాదు. నోటు వ్రాయించుకొన్నవానికి వడ్డీ నిశ్చయము. అవసరమైనచో కోర్టు కలదు. వాటా కొన్నవానికి లాభమున్ననే లాభము, నష్టమున్న తన సొమ్మే ముందు పోవును. చూచి తాకట్టు పెట్టుకొనుటకు పొలము లేదు, బంగారము లేదు. ఎదుట నున్నది మనుష్యుడొక్కడే. ఇట్టి బేరమునకు వడ్డీ లెక్కలు క్షుణ్ణముగా నెరిగిన భూస్వామిని ఒప్పించుట సామాన్యమా!

ఐనను 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైనది; 28వ తేదీన బందరున వ్యవహారము మొదలిడినది. అధీకృత మూలధనము 10 లక్షలు. చెల్లింపబడినది 1 లక్ష. పదింట తొమ్మిది పాళ్లు కాగితముమీదనే యున్నవని నవ్వుట సులభము. కాని భయపడిన సీమలో ఆ లక్ష యెంత బరువైనదో ఊహింపవలెను. అది దాచిన సొమ్ము కాదు, పోవుటకు సిద్ధపడి యిచ్చిన సొమ్ము.

ఒకటి నిలిచిన పిదప రెండవదానికి త్రోవ సులువైనది. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీయు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీయు వెలసినవి. ఆ యేటనే ఆయన వ్రాసిన కాంగ్రెసు చరిత్రయు వెలువడినది. 1939లో సుభాసు బాబుతో పోటీపడి యోడిన సంగతిని లోకము మరువలేదు. బ్యాంకును మాత్రము మరచినది. 1942 నుండి అహమ్మదునగరు కోటలో నిర్బంధము, 1948లో కాంగ్రెసు అధ్యక్షత, 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరు పదవి, 1959 డిసెంబరు 17న మరణము. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులోనే కలిసినది. ఆ బ్యాంకు 1980 ఏప్రిలు 15న జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియను బ్యాంకులో విలీనమైనది.