సీమా చియన్

సీమా చియన్ (క్రీ.పూ. 145 - క్రీ.పూ. 86 ప్రాంతం) చైనాలో హాన్ వంశ కాలానికి చెందిన సుప్రసిద్ధ చరిత్రకారుడు. షీజీ అనే బృహద్గ్రంథాన్ని రచించి చైనా చరిత్ర రచనకు మూలపురుషునిగా పేరుపొందాడు. చక్రవర్తి కొలువులో ఉంటూ, ఆ చక్రవర్తి విధించిన ఘోరశిక్షను అనుభవించి కూడా గ్రంథాన్ని పూర్తిచేశాడు.

బాల్యం, ఉద్యోగం

ఇతడు నేటి షాన్‌షీ రాష్ట్రంలోని హాన్‌చెంగ్ ప్రాంతంలో జన్మించాడు. జన్మ సంవత్సరం క్రీ.పూ. 135 అని కొందరి అభిప్రాయం. తండ్రి సీమా తాన్ వూ చక్రవర్తి ఆస్థానంలో ఖగోళ పరిశీలన, పంచాంగ గణన చూసే అధికారి. సీమా చియన్ ఇరవయ్యవ ఏట దేశాటనం చేసి ప్రాచీన స్థలాలను దర్శించాడు. క్రీ.పూ. 110లో చక్రవర్తి తాయ్ పర్వతంపై జరిపిన మహాక్రతువులో పాల్గొనలేకపోయిన తండ్రి ఆ మనోవేదనతోనే మరణించాడు. తాను తలపెట్టిన చరిత్రను పూర్తిచేయమని మరణశయ్యపై కుమారుని కోరాడు. క్రీ.పూ. 108లో తండ్రి పదవి కుమారునికి లభించింది. క్రీ.పూ. 104 నాటి పంచాంగ సంస్కరణలో ఇతడు పాల్గొన్నాడు.

శిక్ష

క్రీ.పూ. 99లో సేనాని లీ లింగ్ 5,000 మంది కాల్బలంతో ఉత్తరాది షియోంగ్‌ను సంచార జాతిపై పోరాడి, చివరకు లొంగిపోయాడు. సభలో అందరూ అతనిని నిందించగా సీమా చియన్ ఒక్కడే సమర్థించాడు. ఆ మాటలు తన ప్రియపత్ని సోదరుడైన మరొక సేనానిని కించపరుస్తున్నాయని చక్రవర్తి ఆగ్రహించాడు. శిక్ష తప్పించుకోవడానికి చెల్లించవలసిన ధనం ఇతని వద్ద లేదు. మిత్రులెవరూ ఆదుకోలేదు. అటువంటి అవమానం కంటే ఆత్మహత్యే గౌరవమని భావించే కాలమది. అయినా గ్రంథం అసంపూర్ణంగా మిగలకూడదని, నపుంసకునిగా మార్చే శిక్షను స్వీకరించాడు. తరువాత అదే చక్రవర్తి ఇతనిని అంతఃపుర కార్యదర్శిగా నియమించాడు.

షీజీ

షీజీలో 130 అధ్యాయాలున్నాయి. రాజ చరిత్రలు 12, కాలపట్టికలు 10, శాస్త్ర విషయాలు 8, సామంత వంశాలు 30, జీవిత చరిత్రలు 70. పదవిని బట్టి కాక ప్రభావాన్ని బట్టి వ్యక్తులకు స్థానం కల్పించడం ఇందులోని విశేషం. చక్రవర్తి కాని షియాంగ్ యూకు రాజ చరిత్రలలోను, రాజ్యమే లేని కన్ఫ్యూషియస్‌కు, తిరుగుబాటు చేసిన కూలి చెన్ షెకు సామంత వంశాలలోను చోటు లభించింది. వర్తకులకు, హంతకులకు కూడా అధ్యాయాలున్నాయి.

ప్రభావం

ఇతని మరణానంతరం దౌహిత్రుడు యాంగ్ యున్ ఈ గ్రంథాన్ని వెలుగులోకి తెచ్చాడు. క్రీ.శ. 1వ శతాబ్దంలో బాన్ గు తన హాన్ వంశ చరిత్రకు దీనినే నమూనాగా గ్రహించాడు. సొంతంగా చరిత్ర రాస్తున్నాడన్న అభియోగంపై అతడు కూడా చెరసాల పాలయ్యాడు; తరువాత రాజాజ్ఞతోనే ఆ రచన కొనసాగించాడు. క్రీ.శ. 629లో తాంగ్ వంశం ప్రత్యేక చరిత్ర కార్యాలయాన్ని స్థాపించడంతో చరిత్ర రచన ప్రభుత్వ కార్యమైంది. అయినప్పటికీ, చైనా అధికారిక చరిత్రలుగా పరిగణించే 24 గ్రంథాలలో మొదటి స్థానం షీజీదే.