పదిహేడేళ్ల ప్రణయయాత్ర ‘శ్రీకాంత్‌’

తెనాలి: తెలుగు పాఠకులు తమ ఇంటివాడేనని భావించిన వంగ రచయిత శరత్‌చంద్ర చటోపాధ్యాయ. ‘దేవదాసు’ పేరు వినని వారు అరుదు. అయితే ఆయన సుదీర్ఘకాలం మనసులో మోసిన ప్రేమకథ మాత్రం నాలుగు భాగాల ‘శ్రీకాంత్‌’.

1876 సెప్టెంబరు 15న హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో నిరుపేద కుటుంబంలో జన్మించిన శరత్‌ బాల్యం అధికభాగం భాగల్‌పూర్‌లో, తల్లి పుట్టింట గడిచింది. 1903లో పొట్టకూటికై రంగూన్‌ చేరి ప్రభుత్వ లెక్కల కార్యాలయంలో గుమాస్తాగా కుదిరారు. అక్కడే భార్యను, పసిబిడ్డను ప్లేగు వ్యాధి బలిగొన్నది. 1912లో ఇల్లు దగ్ధమై ‘చరిత్రహీన్‌’ వ్రాతప్రతి బూడిదైపోగా, దానిని మళ్లీ మొదటి నుంచి వ్రాశారు. అంతటి ఓర్పు గల రచయిత గనుకనే ‘శ్రీకాంత్‌’ సాధ్యమైంది.

1916లో ‘భారతవర్ష’ పత్రికలో ఈ రచన ఒక దేశదిమ్మరి సంచార కథగా వెలువడింది. నాలుగు భాగాల ప్రణాళిక తొలినాడే సిద్ధమై ఉన్నట్లు కథ నడకను బట్టి తోచదు. కథలన్నిటినీ కలిపే సూత్రం రాజలక్ష్మి. చిన్ననాడు శ్రీకాంతుని మెడలో అడవిపండ్ల దండ వేసి భర్తగా వరించిన ఆ పిల్ల, పెద్దయ్యాక పియారీ అనే గాయనిగా ఎదురవుతుంది. జ్వరపడిన అతనికి పాట్నాలో సేవ చేస్తుంది. అయినా మొదటి భాగం (1917) ఎడబాటుతోనే ముగుస్తుంది. తరువాతి కథకు తలుపు తెరిచి ఉంచిన నేర్పు అదే.

రెండవ భాగం (1918) బర్మాకు సాగుతుంది. క్రూరుడైన భర్తను విడిచి, తనను ప్రేమించిన వానితో కాపురం పెట్టిన అభయ ఇందులో కనిపిస్తుంది. కళంకిత అని లోకం వెలివేసిన రాజలక్ష్మి పక్కన అభయను నిలిపి, వివాహమంటే ఏమిటని శరత్‌ నిలదీశారు. నాటి సమాజంలో ఇది చిన్న సాహసం కాదు.

తరువాత తొమ్మిదేళ్ల విరామం. హౌరా జిల్లా కాంగ్రెస్‌ అధ్యక్ష బాధ్యతలు, ప్రభుత్వ నిషేధానికి గురైన ‘పథేర్‌ దాబీ’ ఆ కాలంలోనివే. 1927లో వచ్చిన మూడవ భాగంలో గంగామాటి గ్రామంలో ఇద్దరూ ఒకే చోట ఉన్నా, రాజలక్ష్మి వ్రతాలూ నియమాలూ వారిని దూరం చేస్తాయి. 1933 నాటి నాలుగవ భాగంలో వైష్ణవ ఆశ్రమవాసిని కమలలత ప్రవేశించి, చివరకు బృందావనం దారి పడుతుంది. శ్రీకాంతునికి రాజలక్ష్మి మిగులుతుంది. పెళ్లి మంత్రాలు మాత్రం వినిపించవు.

మదనపల్లెలో క్షయ చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చిన తెనాలివాసి చక్రపాణి, శరత్‌ నవలలను తెలుగు చేసిన వారిలో ముఖ్యులు. శరత్‌ 1938 జనవరి 16న కలకత్తాలో కన్నుమూశారు.