సముద్రం అడుగున సినిమా తీసిన కుస్తో

మనలో చాలామంది సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు. కానీ సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకి కూడా దాని లోపల ఏముందో తెలీదు గదా. వాళ్ళకీ చూపించిన మనిషి జాక్ ఈవ్ కుస్తో. అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన గురించి రాస్తున్నాను.

కుస్తో 1910 జూన్ 11న ఫ్రాన్సు దేశంలో బోర్డో నగరం దగ్గర సెంటాండ్రే ద క్యూబ్జాక్ అనే ఊళ్ళో పుట్టాడు. 1930లో నౌకాదళం కాలేజీలో చేరాడు. విమానం నడపాలని ఆయన ఆశ. 1936లో కారు ప్రమాదం జరిగి చేతులు విరిగిపోయాయి. ఇంక విమానం లేదు. చేతులకి బలం రావాలని సముద్రంలో ఈదేవాడు. అప్పుడు ఫిలిప్ తైయే అనే స్నేహితుడు నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు ఇచ్చాడు. అవి పెట్టుకుని నీళ్ళలోకి చూశాక ఆయన మనసు అక్కడే ఉండిపోయింది.

అప్పట్లో లోతుకి దిగాలంటే తలకి బరువైన లోహపు టోపీ పెట్టుకోవాలి. పైన పడవ నుండి గొట్టంతో గాలి కొడతారు. ఆవుని గుంజకి కట్టినట్టే, గొట్టం ఎంత పొడుగో అంతే దూరం. కుస్తోకి చేపలాగా తిరగాలని ఉంది. 1942లో ఊపిరి బిగబట్టుకునే నీళ్ళలో ఒక చిన్న సినిమా తీశాడు.

అది రెండో ప్రపంచ యుద్ధం కాలం. పెట్రోలు దొరక్క కార్లని గ్యాసుతో నడిపేవారు. ఇంజనుకి కావలసినంత గ్యాసే వదిలే కవాటం ఒకటి ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు చేశాడు. గుండెలో కవాటాలు ఉంటాయని సైన్సులో చదివాం గదా, అలాంటిదే. 1943లో ఇద్దరూ కలిసి దాన్ని మనిషికి సరిపోయేలా మార్చారు. వీపు మీద గాలి నింపిన సిలిండర్లు, నోట్లో గొట్టం. పీల్చినప్పుడే గాలి వస్తుంది. మార్న్ నదిలో మొదట చూసినప్పుడు, పడుకుని ఈదితే బాగుంది, నిలబడితే గాలి ఊరికే బుసబుసమని పోయింది. గాలి వదిలే చోటుని కవాటం ఎత్తులోనే పెట్టాక సరిపోయింది. దాని పేరు ఆక్వాలంగ్.

1950లో కాలిప్సో అనే పాత ఓడ దొరికింది. ఒక ధనవంతుడు కొని ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకి ఇచ్చాడు. సామాన్లకి డబ్బులు లేకపోతే కుస్తో భార్య సిమోన్ తన నగలు అమ్మేసింది.

ఆ ఓడ మీద లూయీ మాల్‌తో కలిసి తీసిన సినిమా పేరు నిశ్శబ్ద ప్రపంచం. 1956లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది, తర్వాత ఆస్కార్ కూడా. కానీ అందులో ఏముందో తెలిశాక నాకు కోపం వచ్చింది. చేపల్ని లెక్కపెట్టడానికి పగడాల దిబ్బని మందుగుండుతో పేల్చారు. ఓడ పంకా తగిలి తిమింగలం పిల్ల గాయపడితే తుపాకీతో కాల్చేశారు. దాన్ని తినడానికి సొరచేపలు వస్తే వాటినీ పైకి లాగి చంపారు. మా ఊరి గెడ్డలో ఒకసారి ఎవరో తూటా వేస్తే వేలెడంత పిల్లలు కూడా తెల్లగా తేలాయి. మా తాత రెండు రోజులు తిట్టాడు. సైన్సు కోసం పేల్చినా చేప చచ్చేది చేపే గదా.

అయితే కుస్తో అక్కడే ఆగిపోలేదు. 1960లో అణు చెత్తని మధ్యధరా సముద్రంలో పారెయ్యబోతే ఎదిరించాడు. మునుపు చేపలు నిండుగా ఉన్న చోట్లు ఖాళీ అవుతున్నాయని తర్వాత సినిమాల్లో చూపించాడు. 1968 నుండి టీవీలో ఎర్ర ఊలు టోపీతో ఆయన కనిపిస్తే ఎన్నో దేశాల పిల్లలు కూర్చుని చూసేవారు. ముసలితనంలో అంటార్కిటికాలో గనులు తవ్వకూడదని లక్షల మంది చేత సంతకాలు పెట్టించాడు. 1991లో దేశాలు ఆ ఒప్పందం చేసుకున్నాయి.

1963లో సూడాన్ దగ్గర ఎర్ర సముద్రంలో పది మీటర్ల లోతున ఇల్లు కట్టి మనుషుల్ని నెల రోజులు ఉంచాడు. వాళ్ళతో ఒక చిలక కూడా ఉంది! ఆ సినిమాకీ ఆస్కార్ వచ్చింది.

1979లో చిన్న కొడుకు ఫిలిప్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. తండ్రి సినిమాలు చాలా వాటికి అతనే కెమెరా పట్టాడు.

కాలిప్సో మీద అందరికన్నా ఎక్కువ రోజులు ఉన్నది సిమోన్. సినిమాల్లో వెతికితే ఆమె కనపడడం తక్కువ. కెమెరా ముందుకి రావడం ఆమెకి ఇష్టం లేదు. 1990లో చనిపోయింది. 1996లో సింగపూర్‌లో వేరే నావ గుద్ది కాలిప్సో మునిగింది. 1997 జూన్ 25న పారిస్‌లో కుస్తో చనిపోయాడు, 87 ఏళ్ళు. ఆయన్ని పుట్టిన ఊళ్ళో మట్టిలో పాతిపెట్టారు. సిమోన్ బూడిదని మాత్రం సముద్రంలోనే కలిపారు.