సకనోఉయే నో తమురమారో

సకనోఉయే నో తమురమారో (758 - 811) జపాన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ సేనాని, రాజసభలో ఉన్నత పదవులు నిర్వహించిన ప్రభువు. హెయాన్ యుగ ఆరంభకాలములో కన్ము, హెయిజెయి, సాగ చక్రవర్తుల కొలువులో పనిచేశాడు. ఈశాన్య హోన్షూ ప్రాంతములోని ఎమిషి ప్రజలపై సాగిన యుద్ధములను మలుపు తిప్పిన వాడిగా ఈయన ప్రసిద్ధుడు.

వంశము

తండ్రి సకనోఉయే నో కరితమారో కూడా సేనానియే. వీరి పూర్వీకులు ఆసియా ప్రధాన భూభాగము నుండి జపానుకు వలస వచ్చినవారు. విలువిద్యలో, అశ్వవిద్యలో ఈ వంశమునకు మంచి పేరుండేది.

ఎమిషి యుద్ధములు

789లో ఎమిషి నాయకుడైన అతెరుయి, కితకామి నదీతీరములో చక్రవర్తి సేనను చిత్తుగా ఓడించాడు. ఆ పోరులో వెయ్యిమందికి పైగా సైనికులు నదిలో మునిగి మరణించారు. ఆ తరువాత 794 నాటి దండయాత్రలో తమురమారో ఉపసేనానిగా పాల్గొన్నాడు. 797లో కన్ము చక్రవర్తి ఈయనకు సేయీ తైషోగున్ (తూర్పు అనాగరికులను అణచు మహాసేనాని) పదవినిచ్చాడు. తరువాతి శతాబ్దములలో జపానును పాలించిన షోగునుల బిరుదు ఇదే.

801లో 40,000 మంది సైన్యముతో దండెత్తి విజయము సాధించాడు. 802లో ఇసావా కోటను, 803లో షివా కోటను నిర్మింపజేసి, గెలిచిన ప్రాంతమును స్థిరపరచాడు.

అతెరుయి లొంగుబాటు

ఇసావా కోట నిర్మాణము సాగుతుండగా అతెరుయి, మరొక నాయకుడు మోరే, 500 మందికి పైగా అనుచరులతో లొంగిపోయారు. తమురమారో ఆ ఇద్దరినీ రాజధానికి తీసుకువెళ్ళి, వారిని ప్రాణాలతో స్వదేశమునకు పంపితే మిగిలిన ఎమిషిలు కూడా దారికి వస్తారని విన్నవించాడు. వారిని వదలుట పులిని పెంచి ఆపద తెచ్చుకొనుటేనని సభాసదులు వాదించారు. సేనాని మాట చెల్లలేదు. 802లోనే కవాచి ప్రాంతములో ఇద్దరికీ మరణశిక్ష అమలు జరిగింది. యుద్ధము అంతటితో ముగియలేదు. 804లో తమురమారోను మళ్ళీ మహాసేనానిగా నియమించారు. అయితే యుద్ధభారము, రాజధాని నిర్మాణభారము ప్రజలను క్రుంగదీస్తున్నాయన్న సలహాపై 805లో చక్రవర్తి ఆ రెండింటినీ నిలిపివేశాడు.

చివరి సంవత్సరములు

810లో మాజీ చక్రవర్తి హెయిజెయి అధికారము కోసము ప్రయత్నించగా, తమురమారో సాగ చక్రవర్తి పక్షమున నిలిచి అతని మార్గమును అడ్డగించాడు. అప్పుడు నిర్బంధములో ఉన్న ఫున్యా నో వతమారో అనే యోధుని విడిపించి తనతో పంపవలసినదిగా కోరాడు. ఈసారి విన్నపము ఫలించింది. ఆ వతమారోయే 811లో ఎమిషి యుద్ధములను ముగించాడు. అదే సంవత్సరము తమురమారో మరణించాడు.

స్మృతి

క్యోటో నగరములోని కియోమిజు దేవాలయమునకు తమురమారో స్థాపక పోషకుడని సంప్రదాయము చెబుతుంది. 1994లో ఆ దేవాలయ ఆవరణలోనే అతెరుయి, మోరేల స్మారకశిలను నెలకొల్పారు.