యల్లాప్రగడ సుబ్బారావు

చింతలపూడి మామిడితోటలలో ఆడుకొను బాలునకు ఎండకు కొదవ లేదు. ఆ యెండ చర్మముపై పడినప్పుడు దేహమునందు డి విటమిను తయారగును. అది చాలనిచో తిన్న ఆహారమునుండి కాల్షియము, భాస్వరము రక్తములోనికి చక్కగా చేరవు. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరలు పోవును. పొగ కమ్మిన ఐరోపా, అమెరికా నగరములలో ఈ రికెట్సు వ్యాధి ఒకప్పుడు ఎందరో పిల్లలను పీడించెను. అట్టి బిడ్డ రక్తములో భాస్వరము ఎంత తగ్గినదో కొలుచుటకు వైద్యులకు సులభమార్గము చూపిన ఇద్దరిలో ఒకడు తెలుగువాడు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. 13వ యేట, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు నెగ్గెను. పిదప రామకృష్ణ మఠములో చేరి సన్యసింపగోరెను గాని తల్లి సమ్మతింపలేదు. అంతట మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సాశాలకు రాగా ఆచార్యుడొకడు ఆగ్రహించెను. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఆ దినములలోనే స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి ఆయన సోదరుల నిద్దరిని కొద్దిదినముల వ్యవధిలో బలిగొనెను. వైద్యము చదివిన సోదరుడు ప్రక్కనుండియు ఏమియు చేయజాలకపోయెను. ఆ రోగమునకు అప్పుడు మందు లేదు.

మామగారును, కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు ధనసాయము చేయగా ఆయన అమెరికా చేరి, బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ప్రవేశించెను. భార్య శేషగిరి ఇంటనే నిలిచిపోయెను. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. ఆమె యెదురుచూపును గూర్చి చెప్పువారు తక్కువ. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుట: ఇట్లు ఆయన దినములు గడచెను.

డి విటమినుకు ఆ పేరు మెకాలమ్ అను శాస్త్రజ్ఞుడు పెట్టినది 1922లో. దానిని కనుగొన్నవాడు సుబ్బారావు కాడు. ఆయన తన గురువు ఫిస్కేతో కూడి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. కొద్దిపాటి రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మాలిబ్డినము కలిసిన ద్రావకమును, వేరొక రసాయనమును చేర్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వరమెంత ఎక్కువయో నీలమంత చిక్కన. ఆ రంగును తెలిసిన కొలతతో పోల్చిచూచుటే పని. రికెట్సు మొదలగు వ్యాధులను పరీక్షించుటకు ఈ పద్ధతి దేశదేశముల వ్యాపించెను.

కండరపు రసమును పరీక్షించునప్పుడు ఆ నీలము వెంటనే ముదురక మెల్లమెల్లగా ముదురుచుండెను. మరియొకడైన ఏదో పొరపాటని విడిచియుండును. వారు విడువలేదు. అందు దాగియున్న ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము 1927లో బయటపడెను. కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని 1929లో గుర్తించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను.

1940లో సుబ్బారావు లెడర్లే ఔషధసంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లము అను విటమినును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు గుణమిచ్చెను. సోదరులు మరణించి అప్పటికి రెండు దశాబ్దములు దాటెను. బోదకాలునకు కారణమైన ఫైలేరియా క్రిములను చంపు హెట్రజాను కూడ ఆయన బృందమువారిదే.

1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులో ఒక రాత్రి నిద్రలోనే ఆయన మరణించెను. ఆయన పుట్టిన గోదావరి మండలమున బోదకాలు చిరకాలముగా ఉన్న వ్యాధి. దానిని అరికట్టుటకు తరువాతి కాలమున ఇంటింట పంచిన మాత్రలు ఆ మందువే.